బడి విలువలు రాసుకోవడం ఎలా: మూడో తరగతి పిల్ల చదివి నిలదీసేలా

పోయిన ఏప్రిల్‌లో నా పాత విద్యార్థి ఒకతను హైదరాబాద్ వారాసిగూడలో మా ఇంటికి వచ్చాడు. మౌలాలి దగ్గర చిన్న బడి నడుపుతున్నాడు. నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా 190 మంది పిల్లలు, రెండంతస్తుల అద్దె ఇల్లు, వెనక ఒక వేపచెట్టు. "మేడమ్, కొత్త బ్రోచర్ కొట్టిస్తున్న. మా స్కూల్ విలువలు, లక్ష్యాలు అని ఓ నాలుగు లైన్లు రాసియ్యండి. సాయంత్రం ఫ్లెక్సీ ఆయనకు ఇయ్యాలె" అన్నాడు. నమూనాకని ఇంకో బడి బ్రోచర్ కూడా తెచ్చాడు. అందులో విజన్, మిషన్, సమగ్ర వికాసం, రేపటి నాయకులు, విశ్వ పౌరులు అన్నీ ఉన్నాయి. కింద మాత్రం మూడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని ఎర్ర అక్షరాల్లో ఉంది.

సాయంత్రానికి కాదు, జూన్‌లో బడి తెరిచే నాటికి రాద్దామన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు కానీ, చిన్నప్పటి భయమో ఏమో, సరేనన్నాడు.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 33 ఏళ్లు పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు హెచ్‌ఎంగా. ఇలాంటి రాతలు నేనూ రాయించాను. పెయింటర్‌ను పిలిచి, నీలం రంగులో, తోరణం డిజైన్‌తో సహా. అవి ఎందుకూ పనికిరావని నాకు ఒక పిల్ల చెప్పింది. మర్నాడు ఇన్‌స్పెక్షన్ ఉందని తెలిసి, ఆ రోజు క్లాసులో పాత ఉపాయమే చెప్పాను: "సార్ ఏమడిగినా అందరూ చెయ్యెత్తండి. తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి." వచ్చిన అధికారి ప్రశ్న వేశారు, క్లాసంతా చేతులెత్తింది, నేను కుడిచేతులు చూసి లేపాను. ఆయన మెచ్చుకుని వెళ్లారు. మరుసటిరోజు ఎక్కాలు అడుగుతుంటే మూడో బెంచీ పిల్ల లేచి, "టీచర్, ఇవాళ కూడా తెలియకపోతే ఎడమచెయ్యేనా?" అంది. వెటకారం కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. దాని తల వెనకే గోడమీద నీలం అక్షరాలు: నిజాయితీయే మా ఊపిరి.

ఆ పిల్ల ఆ వాక్యాన్ని నన్ను అడగడానికి వాడలేదు. వాడే వీలు లేదు మరి. ఊపిరి అంటే ఏం పట్టుకుని అడుగుతుంది? అందుకే నాకు ఒకటే కొలత మిగిలింది. బడి విలువ అని ఏది రాసినా, మూడో తరగతి పిల్ల దాన్ని చదవగలగాలి, మనం తప్పితే వేలు పెట్టి చూపించగలగాలి. దానికి ఎలా రాయాలో, మౌలాలి బడిలో ఏం చేశామో చెప్తాను. మీది ప్రభుత్వ బడి అయినా, ప్రైవేటు అయినా పెద్ద తేడా ఉండదు.

ముందు మూడు రోజులు కూర్చోండి

పెన్ను ముట్టుకోకముందే బడిలో మూడు రోజులు ఊరికే కూర్చోవాలి. ఆఫీసు రూంలో కాదు. పొద్దున గేటు దగ్గర, తినే టైంలో వరండాలో, బాత్రూముల వైపు, ఆఖరి బెల్ కొట్టాక ఆటోల దగ్గర. క్లాసులు చూడకపోయినా నష్టం లేదు. మీరు కూర్చుంటే క్లాసులెప్పుడూ బాగానే జరుగుతాయి. బయటివాళ్లయితే ఇంకా మంచిది. ఎవరూ దొరక్కపోతే పక్క బడి టీచర్‌తో ఒక ఒప్పందం చేసుకోండి, మీరు వాళ్ల బడిలో, ఆమె మీ బడిలో.

మొదటిరోజు రెండో పీరియడ్‌లో ఆఫీసు నుంచి ఒకతను చీటీ పట్టుకుని మూడో తరగతికి వచ్చాడు. పేర్లు చదివాడు. ఏడుగురు నిలబడ్డారు. ఫీజు బాకీ. ఒక పిల్లాడు బ్యాగు వెనక మొహం దాచుకున్నాడు. పాఠం ఆగిపోయింది. అతను వెళ్లాక కూడా కాసేపటిదాకా మొదలవలేదు. రెండోరోజు ఆడపిల్లల బాత్రూంకి ఇద్దరిద్దరు వెళ్లడం చూశాను. లోపల గడియ లేదు. ఒకరు లోపల ఉంటే ఒకరు తలుపు పట్టుకుంటారు. ఎప్పటినుంచి అని అడిగితే "యూకేజీ నుంచి" అని నాలుగో తరగతి పిల్ల చెప్పింది. టీచర్లెవరికీ ఈ సంగతి తెలియదు, వాళ్ల బాత్రూం వేరు.

మంచివీ రాసుకోవాలి, అవే ఎక్కువ పనికొస్తాయి. తినే టైంలో నాలుగో తరగతి పిల్లాడొకడు తన డబ్బా పక్కన పెట్టి ఎల్‌కేజీ పిల్లల డబ్బాల మూతలు వరసగా తీసిపెడుతున్నాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. ఆయమ్మకు ఒక్కదానికే చేతకావట్లేదని వాడే మొదలుపెట్టాడట. ఆ బడికి అప్పటికే ఉన్న విలువ అది. బ్రోచర్ రాసేవాళ్లకు అది కనపడదు.

అడగాల్సిన ప్రశ్న అడగండి

"మా బడినుంచి మీరేం కోరుకుంటున్నారు?" అని తల్లిదండ్రులను అడిగితే "ఇంగ్లీష్ రావాలె, డిసిప్లిన్ ఉండాలె" అంటారు. మనం వినాలనుకుంటున్నామని వాళ్లనుకునే జవాబు అది. ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చే రోజు నేను ప్రశ్న మార్చి అడిగాను: "మీ పిల్ల ఐదో తరగతి అయ్యేసరికి ఏం చేయగలిగితే మీకు టెన్షన్ తగ్గుతుంది?" అప్పుడు వేరే జవాబులు వచ్చాయి. తప్పిపోతే బస్సు బోర్డు చదువుకుని ఇంటికి రావాలని ఒకామె. కిరాణా కొట్లో చిల్లర సరిగా తేవాలని ఇంకొకామె. మందు షీటు మీద తేదీ చదవాలని ఒక తాత. ఊళ్లో నాయనమ్మతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడాలని ఒక తండ్రి, ఈయనే ఇంగ్లీష్ మీడియం కోసం వెతుక్కుంటూ వచ్చిన మనిషి. నలుగురిలో లేచి నిలబడి భయం లేకుండా తన పేరు చెప్పాలని ఒక తల్లి మెల్లగా అంది. ఆమె తన పేరు నాకు రెండోసారి అడిగితేగానీ చెప్పలేదు.

లక్ష్యాల ముడిసరుకు ఇదంతా. పోతపోసిన మాటలకన్నా ఇవి పది రెట్లు నయం.

ఆయమ్మను, వ్యాను డ్రైవర్‌ను మర్చిపోకండి. ఏ పిల్ల పొద్దున ఏడుస్తుందో, ఏ పిల్ల ఇంటికి పోనంటుందో వాళ్లకే తెలుసు.

చట్టం చెప్పినదాన్ని మీ గొప్పగా రాసుకోకండి

చాలా బ్రోచర్లలో "మేము పిల్లలను కొట్టము" అని ఉంటుంది. మా హోటల్లో బియ్యం ఉడికించే వడ్డిస్తాం అన్నట్టుంటుంది నాకు. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. నా లెక్కలో ఆ ఫీజు చీటీ కూడా వేధింపే. 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లకు గానీ, తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి వడపోయకూడదు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. మన తెలంగాణలో 2018లో తెచ్చిన చట్టంతో, ఏ బోర్డు బడి అయినా తెలుగు నేర్పక తప్పదు. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్ల అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చేయాలి అన్నది 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం. మన ప్రభుత్వ బడుల్లో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది కూడా దానికోసమే.

వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసి స్టాఫ్ రూంలో అంటించండి. ఇవి చేయాల్సినవి, చెప్పుకోవాల్సినవి కావు. ఒక్కటి మాత్రం తీరిగ్గా చదవమంటాను, 29వ సెక్షన్. బోధన రాజ్యాంగ విలువలకు తగినట్టు ఉండాలని, పిల్ల భయం, ఆందోళన లేకుండా ఉండాలని, తన అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పగలగాలని, వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలని అందులో ఉంది. విలువల గురించి ఒక బడికి కావలసిన సరుకంతా ఆ ఒక్క సెక్షన్‌లో దొరుకుతుంది.

నామవాచకాన్ని వాక్యం చేయండి

గౌరవం, నిజాయితీ, సమానత్వం, క్రమశిక్షణ. ఈ మాటలు తప్పేం కాదు. కానీ వీటిని పట్టుకుని ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేరు. ప్రతి మాటకూ ఒక క్రియ తగిలించండి, చేసే మనిషిని చూపించండి.

గౌరవం దగ్గర మేం ఇలా రాశాం: "ఫీజు సంగతి పిల్లల ముందు మాట్లాడం. పెద్దవాళ్లకు ఫోన్ చేస్తాం." దీన్ని ఒప్పించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. "క్లాసులో చెప్తేనే వసూలవుతది మేడమ్. అద్దె కట్టాలె, జీతాలియ్యాలె" అన్నాడతను. అతని కష్టం అబద్ధం కాదు. చిన్న బడుల కరస్పాండెంట్లకు మేడలేమీ లేవు. కానీ ఆ నిలబడ్డ ఏడుగురిలో ఒక్కరి జేబులోనూ ఫీజు డబ్బులుండవు కదా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఫోన్లు తనే చేస్తానన్నాడు.

నిజాయితీకి: "తెలియకపోతే తెలియదని పిల్లలు చెప్పవచ్చు. టీచర్ కూడా చెప్పవచ్చు. ఎవరం నవ్వం." నా ఎడమచేతి కథకు ఇది ఆలస్యంగా కట్టిన వడ్డీ.

సమానత్వానికి: "ముందు బెంచీ ఎవరి సొంతం కాదు. ప్రతి సోమవారం అందరం ఒక వరస వెనక్కి జరుగుతాం." కళ్లు సరిగా కనపడని పిల్లలకు మినహాయింపు అని కింద రాశాం. ఫస్టు వచ్చే పిల్లల తల్లిదండ్రులు గొడవ చేస్తారని అతను ముందే చెప్పాడు, చేశారు కూడా.

క్రమశిక్షణ అన్న మాట మాత్రం ఉండాల్సిందే, తల్లిదండ్రులు దాన్నే వెతుకుతారని పట్టుబట్టాడు. సరే రాద్దామని ఇలా రాశాను: "బెల్ కొట్టిన మూడు నిమిషాల్లో టీచర్ క్లాసులో ఉంటారు." "పిల్లల క్రమశిక్షణ మేడమ్!" అన్నాడు నవ్వుతూ. దాని కింద ఇంకో వాక్యం కలిపాం: "మనం ఆడిన చోటు మనమే సర్దుతాం." టీచర్లకు మొదటిది నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

అన్నిటికన్నా పెద్ద వాదన భాష దగ్గర. ఆ బడిలో ఇంగ్లీష్ కాకుండా వేరే భాష మాట్లాడితే రెండు రూపాయలు ఫైన్ ఉండేది. 190 మందిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు సగం. మిగతావాళ్లకు ఉర్దూ, హిందీ, లంబాడీ, ఇద్దరికి ఒడియా. నా సర్వీసులో దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన కూలీల పిల్ల ఒకతి దసరా దాకా నోరు విప్పలేదు. మాటలు రావనే అనుకున్నాను. ఒకరోజు తెలుగు పాఠంలో రొట్టె అన్న మాట వస్తే, "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అందరినీ అడిగాను. రోటీ, చపాతీ అని కేకలు. ఆ పిల్ల "బాటీ" అంది. నేను బోర్డు మీద పెద్దగా రాశాను. మరుసటిరోజు నుంచి అది ఆగకుండా మాట్లాడింది, ఆ ఏడాది చివరికి నోరు మూయించడమే నా పనైపోయింది.

అయితే ఇంగ్లీష్ వద్దనే వాదన నేను చేయను. వ్యాను ఫీజు మిగుల్చుకోవడానికి నడిపించి తీసుకొచ్చే తల్లి, ఇంగ్లీష్ కోసం డబ్బు కడుతోంది. ఆమెతో మాతృభాష గొప్పదనం చెప్పే హక్కు నాకు లేదు, మా అబ్బాయి చదివింది ఇంగ్లీష్ మీడియంలోనే. చివరికి రాసింది ఇది: "ఇంగ్లీష్ బాగా నేర్పుతాం. అర్థం కాకపోతే అర్థమయ్యే భాషలో చెప్తాం. ఇంటి భాషకు ఫైన్ లేదు."

ఇలా ఏడు వాక్యాల దగ్గర ఆగాం. అంతకన్నా ఎక్కువైతే టీచర్లకే గుర్తుండదు.

ఎవరు, ఎప్పుడు, ఎంత

రాసిన ప్రతి వాక్యం పక్కన మూడు గళ్లు గీయండి: ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు, ఎంత ఖర్చు. బెంచీ మారడానికి సోమవారం మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు పోతాయి. ఫీజు ఫోన్లకు కరస్పాండెంట్‌కు వారానికి ఒక సాయంత్రం. బాత్రూం గడియలకు హార్డ్‌వేర్ షాపు బిల్లు, వడ్రంగి కూలి. ఇది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ముందు అయిపోయింది. మూడు గళ్లూ ఖాళీగా ఉండిపోయిన వాక్యాన్ని కొట్టేయండి.

దేశభక్తికి గళ్లు నిండలేదు. అది తీసేస్తే బాగోదని టీచర్లందరూ అన్నారు. నిజమే, కానీ పిల్లలు రోజూ ప్రార్థనలో చెప్పే "భారతదేశం నా మాతృభూమి" ప్రతిజ్ఞ ఉండనే ఉంది. దాన్ని రాసింది మన నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు, తెలుగులో రాశారు. ఈ సంగతి ఆ బడిలో ఒక్క టీచర్‌కే తెలుసు. కొత్తగా రాసేకన్నా ఆ ప్రతిజ్ఞలోని ఒక్కో మాటను ఒక్కో నెల తీసుకుందామన్నాను. జంతువుల పట్ల దయ అన్న మాటతో మొదలుపెట్టారు, ఎందుకంటే గేటు దగ్గరి నల్లకుక్క మీద రాళ్లు వేసే ముగ్గురు ఐదో తరగతిలోనే ఉన్నారు. దాని నీళ్ల గిన్నె నింపే డ్యూటీ ఆ ముగ్గురికే పడింది.

లక్ష్యాలు వేరే కాగితం మీద

విలువలంటే బడి ఎలా నడుచుకుంటుందో. లక్ష్యాలంటే ఐదో తరగతి దాటేటప్పుడు పిల్ల ఏం చేయగలదో. రెండూ కలిపితే ఏదీ మిగలదు. లక్ష్యంలో "అవగాహన పెంపొందించడం" అన్న మాట వస్తే ఆగి, దాన్ని ఎలా చూస్తారో అడగండి. కనపడేది రాయండి. ముందెప్పుడూ చూడని అరపేజీ తెలుగు కథ చదివి సొంత మాటల్లో చెప్తుంది. ఇంగ్లీష్‌లో కొత్త మనిషిని మూడు ప్రశ్నలు అడుగుతుంది, జవాబు విని మనకు చెప్తుంది. పావుకిలో, అరకిలో ధరలు కట్టి, 500 నోటుకు చిల్లర లెక్క చెప్తుంది. గడియారం, క్యాలెండర్, మందు షీటు మీద తేదీ చదువుతుంది.

పరిసరాల విజ్ఞానం దగ్గర నాకు కొంచెం పిచ్చి, అందుకని ఇక్కడ ఎక్కువసేపు కూర్చున్నాను. పుస్తకంలో నీటి చక్రం ఉంటుంది, పిల్లలు బాణం గుర్తులతో సహా బట్టీ పడతారు. మౌలాలి పిల్లలకు లక్ష్యంగా ఇది పెట్టాం: "మా ఇంటి నల్లా నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో అడిగి తెలుసుకుని, దారి గీసి చూపిస్తుంది." పైపు లైను దగ్గరికి వెళ్లాలి, వాల్వ్ తిప్పే లైన్‌మన్‌ను మర్యాదగా అడగాలి, ఇంట్లో అవ్వను పాత బావుల గురించి అడగాలి. ఈ ఒక్క పనిలో మాట్లాడడం, రాయడం, పటం గీయడం అన్నీ వస్తాయి. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు ఈ నగరానికి ఎంత దూరం నుంచి వస్తున్నాయో తెలిశాక, నల్లా కట్టేయమని మళ్లీ చెప్పక్కర్లేదు అనుకుంటాను, చూడాలి.

ఐదో తరగతిని ఏడాదికోసారి అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్లమని కూడా రాశాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. ఆ వరద తర్వాతే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. చెట్టెక్కినవాళ్లు ఒకరికొకరు ఎలా చోటిచ్చుకుని ఉంటారో పిల్లల్ని ఊహించి రాయమంటే, సమానత్వం మీద మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఆసుపత్రి కదా, చిన్న గుంపుగా వెళ్లండి, చప్పుడు చేయనివ్వకండి.

ఎక్కడ పెట్టాలి

హెచ్‌ఎం కుర్చీ వెనక పెట్టకండి. అది పెద్దవాళ్ల కోసం. నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో, మూడో తరగతి పిల్ల కళ్లకు ఎదురుగా, నీళ్ల కుళాయి పక్క గోడకు పెట్టించాం. వరసలో నిలబడ్డప్పుడు ఏం చేస్తారు, చదువుతారు. ఫ్లెక్సీ వద్దన్నాను. ఫ్లెక్సీ మీద తప్పు దిద్దలేం. డ్రాయింగ్ షీటు మీద స్కెచ్ పెన్‌తో, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీష్‌లో, పిల్లలే రాశారు. కింద తేదీ వేసి, దిద్దడానికి నాలుగు వేళ్ల ఖాళీ వదిలాం.

ఒక పిల్ల వచ్చి "ఇది మీరు తప్పారు" అంటే ఏం చేయాలో కూడా టీచర్లకు ముందే చెప్పి పెట్టాలి. "నువ్వెవరు అడగడానికి?" అని ఒక్కసారి అన్నారంటే ఆ షీటు పని అయిపోయినట్టే. సంజాయిషీ చెప్పండి, లేదా ఒప్పుకోండి, లేదా సాయంత్రం మాట్లాడదామని చెప్పి నిజంగానే మాట్లాడండి. ఏడాది చివర ఐదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, ఏ వాక్యం నిజం, ఏది ఉత్తదో గీటు పెట్టమనండి. పేర్లు రాయించకండి.

జూన్ 12న బడి తెరిచిన రోజు షీటు పెట్టారు. జులైలో బోనాల సెలవు సోమవారం వచ్చింది. మంగళవారం పొద్దున అతను ఫోన్ చేశాడు. మూడో తరగతి పిల్ల ఒకతి ఆఫీసు రూంలోకి వచ్చి, "సార్, నిన్న సెలవు. ఇవాళ బెంచీలు మారలేదు. నేను మళ్లీ వెనకే కూర్చున్న" అందట. ఏం చేశావన్నాను. పిల్లను తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడట. ఆ నాలుగు వేళ్ల ఖాళీలో "సెలవైతే మంగళవారం" అని ఆమెతోనే రాయించాడట. "మంగళవారంలో ళకారం తప్పు రాసింది మేడమ్, దిద్దాల్నా?" అని అడిగాడు. దాన్నే దిద్దనీ, అన్నాను.